కొత్వాలు గారి హాస్టలు

మా అక్క కూతురికి అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఉద్యోగం దొరికిందన్న కబురు మక్తల్‌లో ఉన్న మా అమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను. జీతమెంత అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఏం పని చేస్తదంట?" అంది.

చూడబోతే చిన్న ప్రశ్నే. జవాబు చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. "అక్కడ కాలేజీ పిల్లలు కొందరు జట్లు కట్టి, పెద్ద పెద్ద ఇళ్లల్లో కలిసి ఉంటారమ్మా. మగపిల్లల ఇళ్లు వేరు, ఆడపిల్లల ఇళ్లు వేరు. ఒక్కొక్క జట్టుకి గ్రీకు అక్షరాలతో పేరుంటుంది. ఆ జట్లకి మంచీ చెడూ చెప్పే సలహాదారు ఉద్యోగం."

"అయితే వార్డెన్ అన్నట్టు."

"వార్డెన్ కాదే. చాలాచోట్ల ఆ ఇళ్లు యూనివర్సిటీవి కూడా కావు."

"మరి తాళం చెవులు ఎవరి దగ్గరుంటయి?"

అది నాకూ తెలియదు. ఆ వారం మా పిల్ల ఫోన్ చేసినప్పుడు అడిగితే, "నా దగ్గర ఉండవు చిన్నమ్మా" అని నవ్వింది. ఆ మాట మక్తల్‌కి చేరవేశాను. మా అమ్మ కాసేపు ఆలోచించి, "తాళం చెవి లేదు, బెత్తం లేదు, వంటింటి లెక్క లేదు. మరి జీతం దేనికిస్తరు?" అంది.

నవ్వి ఊరుకోవలసిన మాటే. కానీ నేను చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని. నవలలు రాసుకుంటున్నా ఆ చదువు వాసన పోలేదు. ఇలాంటి ఉద్యోగం మన దగ్గర ఎవరైనా చేశారా అని వెతుక్కుంటూ పోతే, మా పాలమూరు జిల్లా మనుషులే ఇద్దరు ఎదురయ్యారు. ఒకరు పోలీసు, ఒకరు పత్రికా సంపాదకుడు. ఆ ఇద్దరి మధ్యా ఒక హాస్టలు.

అమెరికా సంగతి ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. 1776లో, వాళ్లకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫై బీటా కప్పా అని ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల వరవడి అక్కణ్ణించే. తర్వాత ఆడపిల్లలూ తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. కలిగినవాళ్ల పిల్లల సరదాగా ఇవి పెరిగాయన్నది నిజమే, కానీ అంతా సరదా కాదు. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించుకున్నారు. చుట్టూ అంతమంది ఉన్నా మాట్లాడే దిక్కులేని ఒంటరితనం వాళ్లది. 1998లో హ్యూస్టన్‌లో మన దక్షిణాసియా ఆడపిల్లలు డెల్టా ఫై ఒమేగా అని పెట్టుకున్నారు. కొత్త ఊళ్లో తనవాళ్లు కావాలనిపించడం, ఆ తనవాళ్ల చుట్టూ ఒక గోడ కట్టుకోవడం, ఆ గోడలోపల కొత్తగా వచ్చినవాణ్ణి పాతవాళ్లు ఏడిపించడం - ఇదీ వరస. ఆ ఏడిపించడంలో ప్రాణాలు కూడా పోయాయి కనుకనే మా పిల్ల ఉద్యోగం పుట్టింది. ఈ సలహాదారులకి 1976 నుంచీ ఒక సంఘం కూడా ఉంది.

ఇక మన కథ.

మా మక్తల్ హైదరాబాదు నుంచి రాయచూరు వెళ్లే బాట మీద ఉంది. ఇప్పుడు నారాయణపేట జిల్లా అంటున్నాం గానీ 2019 దాకా మహబూబ్‌నగరే. దక్షిణంగా పోతే కృష్ణ, అది దాటితే రాయచూరు. మా వైపు మాటలో తెలుగూ కన్నడమూ ఒకే పళ్లెంలో కలుపుకుని తింటారు. నిజాం కాలంలో కచేరీ మాట మాత్రం ఉర్దూ. పై చదువు కూడా ఉర్దూయే. 1917లో ఫర్మానా వచ్చి, 1919లో పాఠాలు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఆ భాషలోనే. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో ఉర్దూ, దీపం పెట్టాక పంతులు గారి దగ్గర కాస్త సంస్కృతం - ఇన్ని మింగిన పిల్లవాడు దాదాపు నూరు మైళ్ల దూరాన ఉన్న పట్నానికి చేరితే, చదువు మాట తర్వాత, ముందు పడుకోవడానికి చోటేదీ?

మా అమ్మ మేనమామ 1940లలో అలా వెళ్లినవాడే. ఆయన రేకుపెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మూత మీద ఆయన పేరు ఉర్దూలో రాయించి ఉంటుంది. అందులో ఏం పట్టుకెళ్లేవాడంటే మా అమ్మ వరసగా చెబుతుంది: జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి, చింతపండు, ఎండుమిరప్పొడి, ఒక చెంబు నెయ్యి, అడుగున పుస్తకాలు. పట్నంలో ఎవరో దూరపు చుట్టం ఇంటి అరుగు మీద పడుకుంటే, వారం గడిచేసరికి ఆ ఇంటావిడ గిన్నెల చప్పుడు పెంచేదట. హాస్టల్లో మంచం దొరికిన రోజున ఆయన ఇంటికి రాసిన కార్డులో మంచం దొరికిందన్న మాట తప్ప మరేమీ లేదని చెబుతారు.

అలాంటి మంచాల కోసం ఆలోచించినవారిలో ముందు చెప్పుకోవలసింది వెంకటరామారెడ్డి గారిని. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో 1869లో పుట్టారు. పోలీసు శాఖలో అమీనుగా చేరి, మెట్టు మీద మెట్టెక్కి 1920లో హైదరాబాదు నగర కొత్వాలు అయ్యారు. కొత్వాలంటే ఇప్పటి పోలీసు కమిషనరు అనుకుంటే సగమే తెలిసినట్టు. నిజాం నవాబుకి నేరుగా జవాబు చెప్పుకునే పదవి అది. ఒక హిందువు ఆ కుర్చీలో కూర్చోవడం అసఫ్‌జాహీల కాలంలో అదే మొదలు. 1934 దాకా పద్నాలుగేళ్లు కూర్చున్నారు. రాజా బహద్దూర్ అన్న బిరుదు పేరులో కలిసిపోయింది.

ఆయన ఇంకా కొత్వాలు కాకముందే, 1918లో, హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలిసింది. పూనుకున్నది ఆయన. డబ్బిచ్చింది సంస్థానాధీశులూ దేశముఖులూ. పల్లెల్లో భూములూ పటేలుగిరీలూ ఉండి కూడా చదువులో వెనకబడిపోయిన తమ పిల్లలకి పట్నంలో ఒక నీడ కావాలన్నదే ఉద్దేశం. పేరులోనే కులం ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. తర్వాత తర్వాత వైశ్య హాస్టలు, మున్నూరుకాపు హాస్టలు, పద్మశాలి హాస్టలు, గౌడ హాస్టలు - కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్ వీధులు పట్టుకుని నడిస్తే కులాల పట్టిక చదివినట్టే ఉంటుంది. మన గ్రీకు అక్షరాలు ఇవీ.

సర్కారు హాస్టలు అందరికీ కట్టనప్పుడు ఎవరికి వాళ్లు కట్టుకున్నారు. ఇది అర్థమవుతుంది. కట్టుకునే స్తోమత లేనివాళ్ల మాటేమిటి? ఆ ప్రశ్నకి జవాబు విచిత్రంగా ఈ రెడ్డి హాస్టల్లోంచే వచ్చింది. అక్కడికే వస్తున్నాను.

హాస్టలు కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. 1924 ప్రాంతంలో వెంకటరామారెడ్డి గారు దాన్ని ఒక యువకుడి చేతిలో పెట్టారు. ఆయనా మా జిల్లావాడే. అలంపురం దగ్గరి ఇటిక్యాలపాడు. మద్రాసులో బి.ఏ., బి.ఎల్. చదువుకొచ్చిన సురవరం ప్రతాపరెడ్డి గారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. దాదాపు పదేళ్లు ఆ హాస్టలు బాధ్యత మోశారు.

సురవరం అనగానే మనకి గుర్తొచ్చేవి వేరు. 1926 మే 10న మొదలైన గోలకొండ పత్రిక. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 354 మంది కవులతో 1934లో తెచ్చిన గోలకొండ కవుల సంచిక. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి అధ్యక్షత. 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఇన్నిటి మధ్య హాస్టలు సంగతి ఒక వాక్యంలో వచ్చి పోతుంది. నాకేమో ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపిస్తుంది.

ఎందుకంటే హాస్టలు కార్యదర్శి ఉద్యోగం ఎలాంటిదో ఎక్కడైనా ఒకటే. పప్పు పలచనైందన్న ఫిర్యాదు మీకే వస్తుంది. ఫీజు పంపని తండ్రికి ఉత్తరం మీరే రాయాలి. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదుటి మీద చెయ్యి మీరే వెయ్యాలి. ఇంటి మీద బెంగ పెట్టుకుని రాత్రి మూటసర్దుకున్నవాణ్ణి మీరే ఆపాలి. ఆంధ్రుల సాంఘిక చరిత్ర చదివినవాళ్లకి తెలుసు, అందులో రాజుల యుద్ధాల కన్నా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, దేన్ని నమ్మారు అన్నవే ఎక్కువ. పదేళ్లు వంటశాల లెక్కలు చూసినవాడికే అలాంటి చరిత్ర రాయాలని తోస్తుందని నా అనుమానం. పండితులు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లలో ఎంతమంది వంటింటి లెక్కలు చూశారు గనక!

హాస్టల్లో ఆయన గ్రంథాలయం పెంచారు. పిల్లలకి పుస్తకాలతో పాటు దేశాభిమానం కూడా అంటించారు. ఇక్కడే ఉంది తిరకాసు. అవి సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులు. గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు పేరు చెబితే పాతతరం ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది. సభలో తెలుగు మాట్లాడడమే ఒక సాహసం. 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ కడుపుమంటలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అలాంటి ఊళ్లో, ఒకవైపు సర్కారుని విమర్శించే పత్రిక నడిపే మనిషి, మరోవైపు హాస్టలు నడుపుతున్నాడు. ఆ హాస్టలు పెద్దదిక్కు ఎవరు? నగర కొత్వాలు. అనుమతి లేని సభల్ని చెదరగొట్టవలసిన ఉద్యోగం ఎవరిది? ఆయనదే.

నాలుగు గోడల మధ్య పిల్లలు వక్తృత్వపు పోటీ పెట్టుకుంటే అది సభా, ఆటా? తెలుగు పద్యం పాడితే సాహిత్యమా, రాజకీయమా? ఈ సంగతులు కాగితం మీద తేలవు. మధ్య కుర్చీలో కూర్చున్న మనిషి ఏ మాట పైకి చెప్పాలో, ఏది విననట్టు ఊరుకోవాలో రోజూ తేల్చుకోవాలి. పైనున్నాయన కూడా ఏది అడగాలో, ఏది అడక్కూడదో తెలిసినవాడై ఉండాలి. ఇద్దరికీ ఆ విద్య తెలుసుననే అనుకుంటాను. తర్వాత వెంకటరామారెడ్డి గారి జీవితచరిత్ర రాసింది సురవరం వారే. పొసగని ఇద్దరి మధ్య అలాంటి పుస్తకం పుట్టదు. ఇద్దరూ ఒకే ఏడాది, 1953లో, వెళ్లిపోయారు.

ఆ నీడలో చదివిన పిల్లల్లో నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి గారొకరు. 1930లో కాకినాడ వెళ్లి ఉప్పు సత్యాగ్రహంలో దూకారు. తిరిగొచ్చి హరిజన సేవక సంఘం పని నెత్తిన వేసుకుని, హరిజన విద్యార్థుల కోసం వసతిగృహాలు నడిపారు. ఇందాక అడిగిన ప్రశ్నకి జవాబు ఇదీ. కులం పేరున్న హాస్టల్లో మంచం దొరికిన పిల్లవాడు, ఏ హాస్టలూ రానివ్వని పిల్లలకి మంచాలు వెయ్యడానికి బయల్దేరాడు. అక్కడితో ఆగలేదు. దేశముఖుల మీద లేచిన తెలంగాణ రైతాంగ పోరాటానికి నాయకుల్లో ఒకరయ్యారు. తన సొంత భూమి పంచిపెట్టారు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకి నిలబడితే దేశంలో నెహ్రూ గారితో సహా ఎవరికీ రానన్ని ఓట్లు ఆయనకి పడ్డాయి. హాస్టలుకి చందాలిచ్చిన దేశముఖులు ఈ వడ్డీ మాత్రం ఊహించి ఉండరు!

అందరూ రావి నారాయణరెడ్లు కాలేదు, నిజమే. ఎక్కువమంది చదువుకుని, వకీళ్లై, కచేరీల్లో కుదురుకుని, కులం సంబంధాలు చేసుకుని, ఆ హాస్టలుకే చందాలు పంపుతూ స్థిరపడ్డారు. కుల హాస్టలు తలుపూ అయింది, గోడా అయింది. తలుపుని పొగిడేవాళ్లు గోడని మరుస్తారు. గోడని తిట్టేవాళ్లకి ఆ రోజుల్లో అరుగు మీద పడుకున్న పిల్లవాడి నడుంనొప్పి తెలియదు.

ఆడపిల్లల సంగతి చెప్పకుండా దాటితే నన్ను నేను క్షమించుకోలేను. మగపిల్లలకి 1918లో మంచం దొరికితే, ఆడపిల్లలకి తెలుగులో చదువుకునే ఉన్నత పాఠశాల 1928లో గాని మొదలు కాలేదు. మాడపాటి హనుమంతరావు గారు పూనుకున్న నారాయణగూడ బడి అది. తెలుగు మాధ్యమమని ఇక్కడి సర్కారు గుర్తింపు దొరక్కపోతే, పూనాలోని కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయం గొడుగు కిందికి తీసుకెళ్లారు. చరిత్ర ఎంత కొంటెదో చూడండి. 1921లో తెలుగుని గేలిచేసిన ఆ సభకి అధ్యక్షుడు ఈ కర్వే గారే. ఆయన ఎదుట అవమానపడ్డ తెలుగు, ఆయన విద్యాలయం చలవతోనే ఆడపిల్లలకి పరీక్ష పెట్టింది. తర్వాత రెడ్డి బాలికల వసతిగృహమూ, 1954లో వెంకటరామారెడ్డి గారి పేరుతోనే మహిళా కళాశాలా వచ్చాయి. అంతకుముందు చదువు కోసం ఇక్కడినుంచి గుంటూరులో ఉన్నవ దంపతుల శారదా నికేతనం దాకా వెళ్లవలసి వచ్చింది సంగం లక్ష్మీబాయి గారి వంటివారికి. ఆవిడ తిరిగొచ్చి, పెద్దయ్యాక, దిక్కులేని ఆడపిల్లల కోసం ఇందిరా సేవాసదనం పెట్టారంటే ఆశ్చర్యమేముంది?

మధ్య కుర్చీలో మనిషి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1938 చాలు. ఉస్మానియా హాస్టళ్లలో హిందూ విద్యార్థులు ప్రార్థన గదిలో వందేమాతరం పాడుకునేవారు. నవంబరులో అధికారులు వద్దన్నారు. పిల్లలు మానలేదు. హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. పిల్లలు సమ్మెకి దిగారు. చివరికి యూనివర్సిటీ నుంచే పేర్లు కొట్టేశారు. సంగతి మిగతా కాలేజీలకీ పాకింది. వందలమంది చదువు చెట్టెక్కింది. నాగపూరు విశ్వవిద్యాలయం చేరదీసింది కాబట్టి సరిపోయింది. ఒక పాట, ఒక గది. ఎవరైనా ఒక పెద్దమనిషి ఆ సాయంత్రం పిల్లల మధ్య కూర్చుని ఉంటే ఏమయ్యేదో!

అలా నాగపూరు బాట పట్టినవారిలో వరంగల్లు కాలేజీ విద్యార్థి పి.వి. నరసింహారావు గారున్నారు. ఆయనే 1971లో ముఖ్యమంత్రిగా ఉండి, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిపించారు. అన్ని కులాల పిల్లలూ ఒకే పంక్తిలో కూర్చుని తినే హాస్టలు. హాస్టలు నుంచి వెళ్లగొట్టిన ఉద్యమంలోంచి వచ్చిన మనిషి హాస్టలు బడి పెట్టాడన్నది నాలాంటి నవలాకారిణి కల్పిస్తే, అతిగా ఉందని సంపాదకులు తిప్పి పంపుతారు.

ఈ కథంతా మా పిల్లకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గానే వింది. చివర్న, "ఆ సురవరం గారు ఎవరికి రిపోర్టు చెయ్యాలి చిన్నమ్మా?" అని అడిగింది.

"పోలీసు కమిషనరుకి."

పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. కిందటి వారం రాత్రి పదకొండింటికి ఒక అమ్మాయి దాని గది తలుపు తట్టిందట. కొత్తగా జట్టులో చేరిన పిల్ల. పాతవాళ్లు తనచేత ఏమేం చేయిస్తున్నారో ఏడుస్తూ చెప్పి, ఎవరికీ చెప్పొద్దని చెయ్యి పట్టుకుంది. చెప్పకుండా ఉండే వీలు దీనికి లేదు. అలాంటివన్నీ లెక్కగట్టి బయటపెట్టాలని అమెరికాలో 2024 డిసెంబరులో చట్టం వచ్చింది. మనకి 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది కదా, అలాగే. ఇది రిపోర్టు రాసింది. విచారణ మొదలైంది. మంచే జరిగింది. కానీ ఆ పిల్ల ఇప్పుడు దారిలో కనబడితే తల తిప్పుకుని పోతోందట.

"ఆయనైతే ఏం చేసేవారు?" అంది.

నేను జవాబు చెప్పలేదు. పాటని విననట్టు ఊరుకోవచ్చు, ఏడుపుని ఊరుకోలేం కదా అని మాత్రం అన్నాను. అది దానికి చాలినట్టు లేదు.

మర్నాడు మక్తల్‌కి ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా చెబుతూ ఇదీ చెప్పాను. చట్టం సంగతీ రిపోర్టు సంగతీ మా అమ్మ పట్టించుకోలేదు.

"గంత రాత్రి వచ్చిందా? ఆ పిల్ల తిన్నదో లేదో అడిగిందా మనది?"

అడిగిందట. ఆ సంగతి నేను మొదట్లోనే విన్నాను గాని చెప్పడం మరిచాను. ఉప్మా చేసి పెట్టి, ఆ పిల్ల తిన్నాక, గది దాకా తోడు వెళ్లి దింపి వచ్చి, అప్పుడు రిపోర్టు రాయడానికి కూర్చుందట.

"గట్లయితే వార్డెనే" అంది మా అమ్మ.